పరీక్షలు మా ఇంట్ల, జరం పక్క బెంచీల

వానలు పడ్డయ్. బడులు తెరిచి నెల దాటింది. ఏ దవాఖాన ముంగట చూసినా జరాలతోని వచ్చిన పిల్లలే. ఏటా గిదే టైముకు మా అసొంటి ఇండ్లల్ల ఒక పంచాది మొదలైతది: రేపు బిడ్డను బడికి తోలుదామా, వద్దా? మామూలు పిల్లలున్న ఇంట్ల ఇది పెద్ద ముచ్చట కాదు. సర్ది అయితె రెండు దినాలు ఉంటది, పోతది. కిడ్నీ జబ్బు, తలసేమియా, సికిల్ సెల్, బ్లడ్ క్యాన్సర్, గుండె జబ్బు ఉన్న పిల్లల ఇండ్లల్ల మాత్రం పక్క బెంచీ పోరనికి వచ్చిన సర్ది మా పిల్లకు దవాఖాన మంచం అయితది.

ఇసొంటి పిల్లలకు అమెరికాల ఒక పేరు పెట్టుకున్నరు, 'మెడికల్లీ కాంప్లెక్స్' పిల్లలని. అక్కడ వందల ఒక్కరు గూడ ఉండరు గని, పిల్లల వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చుల మూడో వంతు దాక వాళ్లకే అయితదని లెక్క తీసిర్రు. మన దగ్గర వీళ్లందరిని ఒక్కకాడ పిలిచే పేరు సుత లేదు. ఒకలు కిడ్నీ వార్డుల, ఒకలు రక్తం ఎక్కించే కాడ, ఒకలు రెడ్ హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానల. వీళ్లందరికి ఒక్కటే కష్టం, బడి హాజరు పట్టీ.

మా బిడ్డకు ఎనిమిదేండ్లు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు. ఒంట్లె ప్రోటీనును కిడ్నీలు పట్టి ఉంచలేక మూత్రంల ఇడిచిపెడుతయ్. పొద్దుగాల లేస్తె కండ్ల చుట్టు ఉబ్బుతది, తర్వాత కాళ్లు, పొట్ట. స్టెరాయిడ్ గోళీలు మింగితె తగ్గుతది. తగ్గినంక గూడ చానామంది పిల్లలకు మళ్ల తిరగబెడుతది. అట్ల తిరగబెట్టినప్పుడు వెనక్కి పోయి చూస్తె, చాన సార్లు వారం పది దినాల ముంగట ఒక చిన్న జరమో, సర్దో, దగ్గో ఉంటది. ఇంకో దిక్కు, స్టెరాయిడ్ మింగుతుంటె రోగాన్ని తట్టుకునే బలం తగ్గుతది. సర్దితోని జబ్బు తిరగబెడుతది, జబ్బుకు మందు మింగితె సర్ది ఇంక తొందరగ అంటుకుంటది. ఈ తిరుగుడు నడుమ మూడో తరగతి చదవాలె.

అందుకే మా ఇంట్ల ఏ దినమైనా పరీక్షతోనే తెల్లారుతది. పొద్దుగాల మొదటి మూత్రంల ఒక పట్టీ ముంచుతం. పసుపు రంగు అట్లనే ఉంటె మంచిగున్నట్టు, ఆకుపచ్చకు తిరిగితె ప్రోటీన్ పోతున్నట్టు. మూడు దినాలు వరుసగ మూడు ప్లస్సులు వస్తె జబ్బు తిరగబెట్టినట్టే, డాక్టరుకు ఫోన్ చెయ్యాలె. పట్టీలు దొరకకపోతె సల్ఫోసాలిసిలిక్ ఆసిడ్ చుక్కలు వేసి చూసే పాత పద్ధతి ఉన్నది, ప్రోటీన్ ఉంటె మూత్రం పాలు విరిగినట్టు తెల్లగ అయితది. తారీఖు, ప్లస్సులు, ఎన్ని గోళీలు, జరం ఎంత, బరువు ఎంత, అన్నీ నా భార్య ఒక నోటుబుక్కుల రాస్తది. ఆ బుక్కు చూసే డాక్టర్ మందు పెంచుడు, తగ్గించుడు చేస్తరు. ఇంట్ల చేసిన పరీక్షను నమ్మి ఒక చిన్న పిల్లకు స్టెరాయిడ్ మోతాదు మారుస్తున్నరంటె, ఆ బుక్కుకు ఎంత విలువ ఉన్నదో సమజ్ చేసుకోవాలె.

బడి గేటు కాడ అదే బుక్కుకు చిత్తు కాయితం విలువ సుత లేదు. మా బిడ్డ చదివేది ప్రైవేటు బడిల. నాలుగు దినాలు పోకుంటె ఐదో దినం "ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చిర్రా?" అని అడుగుతరు. బుక్కు చూపెడితె చూడరు, ముద్ర కావాలె. ముద్ర కోసం హైదరాబాద్ పోతె కూలి, బస్సు, ఒక దినం మొత్తం పోతది. గల్లీల ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి, పిల్లను తీసుకపోకుంటనే ఒక చీటి రాయించుకుంటె ఇట్లనే పని అయితది. ఏడాది పొడుగుత తల్లి రాసిన నిజమైన లెక్క పనికిరాలే, చూడకుంట రాసిన చీటి పనికొచ్చింది. ముద్రకు ఉన్న ఇజ్జత్ నిజానికి లేదు.

ఇంట్ల పరీక్ష అనే మాట మనందరికి కరోనా నేర్పింది. 2021 మే నెలల ఐసీఎంఆర్ మొదటిసారి ఇంట్లనే చేసుకునే కరోనా కిట్టుకు సరే అన్నది. పుణెల ఉన్న మైలాబ్ కంపెనీ 'కోవిసెల్ఫ్', ధర 250 రూపాయలు, పావుగంటల ఫలితం. అప్పుడు ఐసీఎంఆర్ పెట్టిన షరతులు చూస్తె ఒక సంగతి తెలుస్తది. లక్షణాలు ఉన్నోళ్లు, పాజిటివ్ వచ్చినోళ్లతోని తిరిగినోళ్లు మాత్రమే చేసుకోవాలె, ఊరికె ఎవలు పడితె వాళ్లు చేసుకోవద్దు అన్నది. లక్షణాలు ఉండి గూడ నెగెటివ్ వస్తె మళ్ల ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలె అన్నది. అంటె మన దగ్గర ఆ కిట్టు రోగం పట్టుకునేతందుకే వచ్చింది. పిల్లలను ధైర్యంగ బడికి తోలేతందుకు దాన్ని వాడుకోవచ్చనే ఆలోచన ఎవలకు రాలే.

అమెరికాల ఆ ఆలోచన చేసిర్రు. విస్కాన్సిన్ యూనివర్సిటీ డాక్టర్లు సర్కారు పరిశోధన పైసలతోని ఇసొంటి పిల్లల ఇండ్లకే కరోనా కిట్లు ఇచ్చి, ఇంట్ల పరీక్ష అలవాటైతె తల్లిదండ్రులకు బడి మీద ధైర్యం వస్తదా అని చూసిర్రు. 2022 జనవరిల అక్కడి సర్కారు అడిగిన ప్రతి ఇంటికి నాలుగు కిట్లు పుక్కట్ల పోస్టుల పంపింది. నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడను. జబ్బు పిల్లలున్న తల్లిదండ్రుల భయాన్ని భయమని కొట్టిపారేయకుంట, అది తగ్గాలంటె చేతుల ఏం పెట్టాలె అని అడిగిర్రు. మన దగ్గర ఆ ప్రశ్న అడిగినోళ్లే కరువు.

అయితె నాకు అక్కడ ఒక తిరకాసు కనబడుతది. పరీక్ష చేసేది ఎవలింట్ల? జబ్బు పిల్ల ఉన్న ఇంట్ల. మా బిడ్డ ముక్కుల పుల్ల పెడితె తెలిసేది ఏంది? మా బిడ్డకు ఇప్పటికే అంటుకున్నదా లేదా అని. దానికి విలువ లేదని కాదు, తొందరగ తెలిస్తె డాక్టర్ దగ్గరికి తొందరగ పోతం. కాని రోగం మా ఇంట్ల పుట్టలే గద. క్లాసుల నలభైమంది ఉన్నరు. మా బిడ్డ బడికి పోవుడు, పోకపోవుడు నడిచేది ఆ మిగిలిన ముప్పై తొమ్మిది ఇండ్లల్ల పొద్దుగాల ఏం జరుగుతున్నదనే దాని మీద. అక్కడ జరిగేది మనందరికి ఎరుకే. జరం ఉంటది, ఒక పారాసెటమాల్ పోస్తరు, టిఫిన్ డబ్బా పెడుతరు, ఆటో ఎక్కిస్తరు. పదకొండు దాక మందు పనిచేస్తది. అటెన్క మా పిల్ల పక్కన కూసొని తుమ్ముతడు.

ఇది రాస్తుంటె ఆ తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. ఇద్దరు కూలికి పోతె గని ఎల్లని ఇంట్ల, జరం వచ్చిన పోరని దగ్గర ఎవలు కూసుంటరు? సర్కారు బడి అయితె మధ్యాహ్నం అన్నం సుత అక్కడనే ఉంటది. ప్రైవేటు బడి అయితె మనం ఫీజు కట్టినం, పాఠం పోతదని బాధ. పైనుంచి ఏడాది చివర "నూరు శాతం హాజరు" అని స్టేజీ మీద షీల్డ్ ఇస్తరు. ఆ షీల్డ్ కోసం జరంతోని వచ్చిన పిల్లలను నేను నా కండ్లతోని చూసిన. చప్పట్లు కొట్టినోళ్లల్ల నేను గూడ ఉన్న. ఒక్కసారి సుత జరం రాని పిల్ల ఉండదు గద, మరి ఆ షీల్డ్ దేనికి ఇస్తున్నట్టు?

జరాన్ని అయినా చేతితోని ముట్టి చూడొచ్చు. అమ్మవారు పోసుడు ఇంక పెద్ద గండం. డాక్టర్లు చికెన్‌పాక్స్ అంటరు. ఒంటి మీద పొక్కు కనబడక ముంగట ఒకటి రెండు దినాల నుంచే అది పక్కోళ్లకు అంటుకుంటది. ఎంత మంచి తల్లిదండ్రులు అయినా ఆ రెండు దినాలు తెల్వక తోలుతరు. మామూలు పిల్లలకు దురద, జరం, పది దినాల సెలవు. స్టెరాయిడ్ మింగే పిల్లకు, క్యాన్సర్ మందు నడిచే పిల్లకు ఊపిరితిత్తుల దాక పోయి ప్రాణం మీదికి వస్తది. దీనికి ఇంట్ల చేసుకునే కిట్టు లేదు. టీకా ఉన్నది గని సర్కారు ఉచిత టీకాల జాబితాల లేదు, కొనుక్కోవాలె. కొనుక్కుందామన్నా అది బతికున్న వైరస్ టీకా, స్టెరాయిడ్ ఎక్కువ మోతాదుల నడుస్తుంటె వెయ్యరు. మిగిలింది ఒక్కటే దారి: పక్కన కూసున్న పిల్లకు పోసిందని తెలిసిన దినమే మాకు తెల్వాలె. తెలిస్తె డాక్టర్ ఇమ్యూనోగ్లోబులిన్ సూది వేస్తరు. అది ఎంత తొందరగ పడితె అంత మంచిది, పది దినాలు దాటితె లాభం లేదు.

మా ఊర్ల ఇదివరకు ఆ కబురు తెలిసే పద్ధతి ఉండె. అమ్మవారు పోస్తె గడపకు యాపకొమ్మ కట్టేటోళ్లు. కొమ్మ చూసిన మనిషి ఆ ఇంట్లెకు పోయేటోడు కాదు, పిల్లలు ఆ వాకిట్ల ఆడేటోళ్లు కాదు. భక్తితోని కట్టినా, పనికొచ్చింది మాత్రం వాడకట్టు మొత్తానికి. ఇప్పుడు అపార్ట్‌మెంటుల యాపకొమ్మ కడితె ఓనర్ ఏమంటడో అని భయం. దాని జాగల వాట్సాప్ గ్రూపు వచ్చింది. మా క్లాసు గ్రూపుల ఫీజు గడువు వస్తది, బోనాల డ్రెస్సు ఏ రంగో వస్తది, పుట్టినరోజు కేకు ఫోటోలు వస్తయ్. "ఈ క్లాసుల ఒకలకు చికెన్‌పాక్స్ వచ్చింది, చూసుకోండ్రి" అనే ఒక్క లైను రాదు. పోయినేడు ఆ సంగతి నాకు తెలిసింది ఆటో డ్రైవర్ చెప్తె. బడిల అడిగితె "వేరే పేరెంట్స్ భయపడుతరు సార్" అన్నరు. పిల్ల పేరు చెప్పమని నేను అడగలే. రోగం పేరు చెప్పమన్న.

ఇగ చట్టం ముచ్చటకు వద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంల 21 రకాలు ఉన్నయ్. అందుల తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ చేర్చుడు పెద్ద మేలు, దానికోసం ఆ తల్లిదండ్రులు ఏండ్లకేండ్లు కొట్లాడిర్రు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అందుల లేదు. బ్లడ్ క్యాన్సర్ లేదు. గుండె జబ్బు లేదు. ఇంటికి వచ్చి చదువు చెప్పే ఏర్పాటు గూడ ఉన్నది. 2012ల విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణల, వైకల్యం బాగ ఎక్కువ ఉన్న పిల్లలు ఇంటి దగ్గరనే చదువుకోవచ్చు అన్నరు. మన మండలాలల్ల భవిత కేంద్రాల టీచర్లు అట్ల ఇండ్లకు పోతరు, ఓపికతోని చేస్తరు. కాని ఆ తలుపు తెరవాలంటె ముంగట సదరం సర్టిఫికెట్ అసొంటిది చేతుల ఉండాలె. మా బిడ్డ నడుస్తది, చూస్తది, వింటది, లెక్కలు మంచిగ చేస్తది. ఏడాదిల నలభై యాభై దినాలు బడికి పోలేదు, గంతే. చట్టం కండ్లల్ల ఆమె పూర్తి ఆరోగ్యంగ ఉన్న పిల్ల, బడి రిజిస్టర్ల తరచు డుమ్మా కొట్టే పిల్ల. ఇప్పుడు మూడో తరగతి కాబట్టి నడుస్తున్నది. సీబీఎస్‌ఈ బడులల్ల పదో తరగతికి, పన్నెండుకు 75 శాతం హాజరు ఉండాలె. రోగానికి సడలింపు ఉన్నది గని మళ్ల కాయితాలు, ముద్రలు, బతిమిలాడుడు.

పైసల లెక్క గూడ ఇట్లనే తలకిందులు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరుల 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిర్రు. మంచి పని, దాంతోని బతికిన పిల్లలు నాకు ఎరుక. కాని అది దవాఖానల పండినోళ్లకు. పండకుంట చూసేటియి ఏంది? మూత్రం పట్టీలు, ఒక థర్మామీటర్, ఫ్లూ టీకా, ఇంట్ల అన్నకు చెల్లెకు చికెన్‌పాక్స్ టీకా. ఇవన్నీ జేబుల నుంచే పెట్టుకోవాలె. నెల చివర పైసలు కరువైతె మొదలు ఆగేది పట్టీల డబ్బానే. దినం తప్పి దినం చూస్తరు, తర్వాత వారానికోసారి. మొఖం ఉబ్బినంక తెలుస్తది, అప్పటికి మంచం ఎక్కాల్సిందే. అప్పుడు ఆరోగ్యశ్రీ పనికొస్తది!

"అంత భయమైతె ఇంట్లనే ఉంచుకోరాదా?" అని మా సుట్టాలు గూడ అంటరు. ఉంచుకున్నం. మొన్న మళ్ల తిరగబెట్టినప్పుడు ఆరు వారాలు ఉంచుకున్నం. స్టెరాయిడ్‌తోని మొఖం గుండ్రంగ అయి, ఆకలి ఎక్కువై, ఊరికె కోపం వస్తున్న పిల్ల, కిటికీల నుంచి ఆటో పోవుడు చూసుకుంట కూసుంటె ఏం అయితదో ఆ ఇంట్ల ఉన్నోళ్లకే తెలుస్తది. పాఠం పోయినా నేర్పుకుంటం. మళ్ల క్లాసుకు పోయిన దినం ఆమె జాగల ఇంకో పిల్ల కూసొని ఉన్నది, దోస్తులు వేరే జట్టు కట్టుకున్నరు. దానికి ట్యూషన్ లేదు. పెద్ద రోగంతోని బతికే పిల్లకు తాను రోగి కాకుంట ఉండే జాగ ఒక్కటే, అది బడి. దాన్ని గూడ తీసేసి కాపాడుతమంటె నేను ఒప్పుకోను.

కరోనప్పుడు ఏం చేసినమో జర యాది చేసుకుందాం. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్ల, దూరదర్శన్ యాదగిరిల పాఠాలు చెప్పిర్రు. తర్వాతి ఏడు సెప్టెంబర్ 1న బడులు తెరుద్దామంటె, ఒక్క దినం ముంగట హైకోర్టు చెప్పింది, క్లాసుకు రమ్మని ఏ పిల్లను బలవంతం చెయ్యొద్దని. ఇంట్ల కూసొని చదువుడు కుదరదని, హాజరుల సడలింపు ఇయ్యలేమని ఇయ్యాల చెప్పే సర్కారు, బడులు అప్పుడు రెండూ చేసినయ్. అందరి పిల్లలకు ఆపద వచ్చినప్పుడు దారి దొరికింది. కొంతమందికే ఆపద మిగిలినంక ఆ దారి మూసుకున్నది. టీ-శాట్ చానల్ ఇంక నడుస్తనే ఉన్నది, కొత్తగ కట్టేది ఏం లేదు.

మా సంగతి కన్న గట్టిది ఇంకోటి ఉన్నది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు ఆశ్రమ పాఠశాలల్ల, గురుకులాలల్ల ఉండే ఆదివాసీ పిల్లల సంగతి. సికిల్ సెల్ ఉన్న పిల్లకు ప్లీహం సరిగ పనిచెయ్యదు. వేరే పిల్లలకు జరం అంటె గోళీ, ఈ పిల్లకు 101 దాటితె అప్పటికప్పుడు దవాఖాన. రక్తంల ఇన్‌ఫెక్షన్ గంటలల్ల ముదురుతది. 2023 జులైల కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 దాక గురి. ఊర్లల్ల పరీక్షలు చేస్తున్నరు, కార్డులు ఇస్తున్నరు. ఆ కార్డు పిల్ల తల్లి పెట్టెల ఉండి, పిల్ల హాస్టల్ల ఉంటె ఏం ఫాయిదా? రాత్రి పది గంటలకు జరం చూసేది తల్లి కాదు, వార్డెన్. ఆ వార్డెన్‌కు వందల మంది పిల్లలల్ల ఎవలకు సికిల్ సెల్ ఉన్నదో తెల్వాలె, చేతిల థర్మామీటర్ ఉండాలె, బండి ఉండాలె. ఇంటి పరీక్ష అంటున్నం గద, హాస్టల్ల ఉండే పిల్లకు ఇల్లు ఏది? ఆర్‌బీఎస్‌కే టీములు ఏడాదికోసారి బడికి వచ్చి పిల్లలను చూసిపోతయ్. జబ్బు పట్టుకునేతందుకు అది మంచిది. జబ్బు ఉన్నదని ముందే తెలిసిన పిల్లకు ఏడాదికోసారి చూపు సరిపోదు.

కాబట్టి నేను అడిగేది పెద్ద పథకం కాదు. హాజరు పట్టీల ఉన్నడు, లేడు అనే రెండు గీతలే కాకుంట 'జబ్బు వల్ల రాలే' అనే మూడో గీత పెట్టుండ్రి. ఆ గీత పడితె పిల్లకు శాతం తగ్గొద్దు. దానికి ఏడాదికి ఒక్కసారి స్పెషలిస్ట్ డాక్టర్ రాసిన కాయితం చాలనాలె, ప్రతిసారి కాదు. నడుమ నడుమ ఇంటి బుక్కునే చూడాలె. నూరు శాతం హాజరు బహుమతి బంద్ పెట్టాలె. జరం వచ్చిన ఏ పిల్ల అయినా సరే, మందు లేకుంట ఒక దినం జరం రాకపోతెనే బడికి రావాలె, ఆ దినం అన్నం ఇంటికి తీసుకపోనియ్యాలె, కూలి ఇడిచిపెట్టి కూసునే తల్లికి అదొక్కటన్న ఆసరా. ఈ ముచ్చట్ల మాత్రం ప్రైవేటు బడుల కన్న సర్కారు బడులే ముందుగాల చేస్తయని నా నమ్మకం, వాళ్లకు పోయేది ఏం లేదు.

పట్టీలు, థర్మామీటర్ పీహెచ్‌సీల పుక్కట్ల ఇయ్యుడు కలెక్టర్ తలుచుకుంటె అయ్యే పని. టీకాలు రాష్ట్రం అనుకోవాలె. అంటురోగం కబురు మాత్రం హెడ్మాస్టర్ ఫోన్ల ఒక్క లైను, పేరు లేకుంట. వచ్చే పేరెంట్ మీటింగుల నేను మొదలు అడిగేది అదే. ఫీజు మెసేజ్ వచ్చే గ్రూపులనే, అదే దినం.